నీలం సీసా

2025 జూన్ 15
వెర్మాంట్, అమెరికా

పెద్దమ్మా,

నేను ఈ పిల్లల వేసవి క్యాంపుకి చేరానని నాన్న నీకు చెప్పే ఉంటాడు. ఇక ఆగస్టు దాకా నా గొంతు ఎవరికీ వినిపించదు. రాగానే మా అందరి ఫోన్లూ తీసుకుని ఆఫీసు బీరువాలో పెట్టి తాళం వేశారు. పిల్లలకి లేని ఫోను పెద్దలకెందుకు అని ఇక్కడి పద్ధతి. ఉత్తరాలు మాత్రం ఎన్నయినా రాసుకోవచ్చు. నేను కాయితం మీద రాసి ఇస్తే ఆఫీసువాళ్ళు స్కాన్ చేసి నీ ఫోన్‌కి పంపుతారు. నువ్వు కూడా రాసి, అంగన్‌వాడీ పిల్లల ఫొటోలు తీసి పంపినట్టే ఫొటో తీసి పంపు. వాళ్ళు ప్రింటు తీసి మధ్యాహ్నం భోజనాల దగ్గర పేరు పెట్టి పిలిచి ఇస్తారు.

ఇక్కడ అంతా చెట్లే. మధ్యలో ఒక సరస్సు. కొల్లేరు చూసిన కళ్ళకి ఇది పెద్ద సరస్సేమీ కాదుగాని, అడుగున రాళ్ళు కనిపించేంత తేట నీళ్ళు. గుర్రపుడెక్క ఒక్క మొక్క లేదు. ఒడ్డున ఒక చెక్క బోర్డుకి ప్రతి పిల్ల పేరుతో ఒక బిళ్ళ వేలాడుతుంది. నీళ్ళలోకి దిగితే బిళ్ళ తిప్పాలి, పైకి వస్తే మళ్ళీ తిప్పాలి. ఒక్క బిళ్ళ తేడా వచ్చినా ఈల ఊది అందరినీ బయటికి లాగేస్తారు.

వారం రోజుల ట్రైనింగులో సగం చేయకూడనివి నేర్పడమే. ఏ పిల్లతోనూ ఒంటరిగా ఉండకూడదు. మన తిండి వాళ్ళకి పెట్టకూడదు. నాకిచ్చిన కేబిన్‌లో ఎనిమిదేళ్ళ పిల్లలు పదిమంది. బి.ఎడ్. సీటు వచ్చేలోపు పిల్లలతో పని అలవాటవుతుందని ధైర్యంగా వచ్చేశాను గాని, ఇప్పుడు దడగా ఉంది.

పెదనాన్నకి నమస్కారాలు.

మనస్వి


2025 జూన్ 19
ఆకివీడు రోడ్డు, మన ఇల్లు

మనసూ,

నీ ఉత్తరం సెంటర్‌లో పిల్లల బరువులు తూస్తుంటే వచ్చింది. అక్కడే నిలబడి చదివేశాను. ఒక పిల్లాడి బరువు రాయడం మర్చిపోతే ఆయా సువర్ణ కేకలేసింది.

కౌన్సెలర్ అంటే ఏదో కలెక్టరంత ఉద్యోగమని మీ పెదనాన్న ఊరంతా చెప్పుకున్నారు. నీ ఉత్తరం చదివి వినిపించాక, "అంటే మన సువర్ణ చేసే పనేనంటావా?" అన్నారు. "అవునండీ, కాకపోతే అక్కడ విమానంలో వెళ్ళి చేస్తారు" అన్నాను. దాంతో రెండు రోజులుగా ఆయన రామాలయం అరుగు మీదికి వెళ్ళడం లేదు.

దడ దేనికే? పదిమంది పిల్లలంటే నాకు ఒక బెంచీ. కొత్త పిల్ల ఏడుస్తుంటే బతిమాలకు. పక్కన కూర్చుని నీ పని నువ్వు చేసుకో. అదే వచ్చి ఒళ్ళో కూర్చుంటుంది.

ఇక్కడ ఎండలు తగ్గలేదు. చెరువుల్లో నీళ్ళు అడుగంటి గూడబాతులు గట్ల మీద కూర్చుంటున్నాయి. నీ పెట్టెలో చీరల అడుగున నీలం సీసా పెట్టాను, చూశావా? వారానికి రెండుసార్లయినా తలకి రాసుకో. ఆ చలిదేశంలో జుట్టు ఊడిపోతుంది.

పెద్దమ్మ


2025 జూన్ 28

పెద్దమ్మా,

పిల్లలు వచ్చి వారమైంది. తొమ్మిదిమంది బంగారాలు. పదోది టెస్సా.

టెస్సాకి ఇల్లు వదిలి ఉండడం ఇదే మొదటిసారి. పొద్దున్నంతా బాగానే ఆడుతుంది. భోజనాలయ్యాక రెస్ట్ అవర్ అని గంటసేపు ఎవరి మంచం మీద వాళ్ళు పడుకోవాలి. అప్పుడు మొదలుపెడుతుంది. గట్టిగా ఏడిస్తే ఏదో ఒకటి చెప్పవచ్చు. గోడవైపు తిరిగి, దుప్పటి అంచు నోట్లో కుక్కుకుని, చప్పుడు లేకుండా ఏడుస్తుంది. నేనూ అలాగే ఏడ్చేదాన్నని నువ్వు చెబుతుంటావు కదా. నువ్వన్నట్టే పక్కన కూర్చుని నా పని చేసుకుంటున్నాను. నాలుగో రోజు నా జడ పట్టుకుని వాసన చూసి, "నీ జుట్టు మందులా ఉంది, బాగుంది" అంది. తన జుట్టు ఎర్రగా, చిక్కులు పడి ఉంటుంది. దువ్వెన పెట్టనివ్వదు.

దానికి ఒక్కసారి నీ నూనె రాద్దామని ఉంది. కేబిన్ మెట్ల మీద, అందరూ చూస్తుండగా. ఒక సంగతి చెప్పు. పిల్లల ఒంటి సంగతులు కాయితాల్లో ఉన్నవి బయట ఎవరికీ చెప్పకూడదని మా చేత సంతకాలు పెట్టించుకున్నారు. ఇంటి ఉత్తరాల్లో కూడా రాయకూడదు. ఈ పిల్లకి పడనివి కొన్ని ఉన్నాయి, ఏమిటో నీకు రాయలేను. కొబ్బరికి మాత్రం ఇబ్బంది లేదు. సీసా మీద కొబ్బరినూనె అనే ఉంది కదా. అందులో ఏమేం వేసి కాస్తావో ఒక్కటీ విడవకుండా రాయి.

మనస్వి


2025 జూలై 1

మనసూ,

నీ ఉత్తరం చదివి ఆ పిల్ల ముఖం కళ్ళకి కట్టింది. నా సెంటర్‌లో ఏటా అలాంటిది ఒకటి తగులుతుంది. చప్పుడు లేని ఏడుపే చెడ్డది.

నూనెలో వేసేవి రాసుకో. గుంటగలగరాకు, కాలువ గట్టున నేనే కోస్తాను. మందారాకు, పువ్వులు. గోరింటాకు గుప్పెడు. కరివేపాకు. మెంతులు రెండు చెంచాలు. ఎండు ఉసిరి ముక్కలు. వట్టివేళ్ళు. అంతే. అన్నీ చెట్టునుంచి వచ్చినవే, పసిపిల్లకి కూడా ఏమీ చేయవు.

రాసే పద్ధతి చెబుతాను. సీసా ఎండలో పెట్టి వెచ్చచెయ్యి. ముందు మాడు మీద అరచేత్తో అద్దు. తర్వాత వేళ్ళ కొసలతో చెవుల వెనక నుంచి పైకి. తొందరపడకు. నూనె కళ్ళలోకి జారితే చీర చెంగుతో తుడువు. అక్కడ చీర కట్టవు కదా, ఏదో ఒక గుడ్డతో. చివర రెండు కణతలూ బొటనవేళ్ళతో నొక్కి వదిలెయ్యి. నువ్వయితే కణతల దాకా రాకముందే నిద్రపోయేదానివి.

రాసి ఎలా పడుకుందో చెప్పు. ఆ కబురు కోసం చూస్తుంటాను.

పెద్దమ్మ


2025 జూలై 9

పెద్దమ్మా,

టెస్సాకి నూనె రాశాను. ఏడుపు ఆపింది. తర్వాత వాళ్ళమ్మ వచ్చి ఇంటికి తీసుకెళ్ళింది.

నన్ను వంటశాలకి మార్చారు. పళ్ళేలు కడిగే మెషిన్ దగ్గర పని. బాగానే ఉంది. రోజూ వాన.

మనస్వి


2025 జూలై 15

నా తల్లీ,

చూశావా, నా చేతి మహిమ! సెంటర్‌కి వచ్చే తల్లులందరికీ చెప్పాను, మా నూనె సముద్రం దాటి తెల్లపిల్లకి కూడా పనిచేసిందని. సువర్ణ, "అయితే టీచరుగారూ, మా మనవరాలికి కూడా ఒక సీసా ఇవ్వండి" అని పట్టుకుంది. వాళ్ళమ్మ వచ్చి తీసుకెళ్ళడం మంచిదే. బెంగపెట్టుకున్న పిల్లని ఎన్నాళ్ళుంచుతారు? వెళ్ళేటప్పుడు నీ దగ్గర ఏడ్చిందా?

నిన్ను వంటశాలకి మార్చడం పెదనాన్నకి నచ్చలేదు. నాకు మాత్రం, పిల్లలకి నీ చేతి ముద్ద రుచి తెలిసి వంటకి పెట్టుకున్నారేమో అనిపించింది. పళ్ళేలు కడగడం నేర్చుకున్నా తప్పులేదులే. ఉత్తరం మరీ నాలుగు ముక్కలు రాశావు. పని ఎక్కువా?

మంచి కబురొకటి. ఆదివారం కొత్తగా నూనె కాచాను. ఆ పాప కోసమని ఒక సీసా విడిగా తీసి, రెండు ఎర్ర రిబ్బన్లూ పెట్టి, సోమవారం తాడేపల్లిగూడెంలో పచ్చళ్ళు పంపే కొరియర్‌లో వేయించాను. మీ నాన్నే దగ్గరుండి కట్టించాడు. క్యాంపు చిరునామా నీ ఉత్తరాల మీద ఉంది కదా, "టెస్సా పాపకి" అని దాని మీద రాయించాను. క్యాంపు వాళ్ళు ఆ పిల్ల ఇంటికి పంపుతారు. పదిరోజుల్లో అందుతుందట.

వాన నీళ్ళు చెరువుల్లోకి వస్తున్నాయి. దోనె పడవలు బయటికి తీశారు.

పెద్దమ్మ


2025 జూలై 20

పెద్దమ్మా,

ఆ పార్సెల్ ఆపు. ఎలాగైనా ఆపు. మిగతాది తర్వాత చదువు, ముందు నాన్నకి ఫోన్ చెయ్యి.

టెస్సా నిద్రపోలేదు. నేను అబద్ధం రాయలేదు గాని, నిజం కూడా రాయలేదు. ఆరో తారీఖు మధ్యాహ్నం మెట్ల మీద కూర్చోబెట్టి నువ్వు చెప్పినట్టే రాశాను. మాడు, చెవుల వెనక, కణతలు. ఏడుపు ఆపింది, నిజమే. నా మోకాలి మీద తల ఆనించింది. చెంప మీదికి కారిన నూనె చేత్తో తుడుచుకుని, ఆ వేళ్ళు నోట్లో పెట్టుకుంది. కాసేపటికి "గొంతు దురదగా ఉంది" అంది. నేను నీళ్ళు తాగించాను. పెదాలు వాచాయి. మెడనిండా దద్దుర్లు. ఊపిరి తీస్తుంటే ఈల చప్పుడు వచ్చింది. నర్సు పరుగెత్తుకొచ్చి తొడలో ఇంజెక్షన్ పొడిచింది. అంబులెన్స్ వచ్చేదాకా ఆ పిల్ల నా చెయ్యి వదల్లేదు. నేనే తనకి అలా చేశానని తనకి తెలియదు.

బతికింది. రెండు రోజులు ఆసుపత్రిలో ఉంది.

టెస్సాకి పడనివి రెండు. వేరుశెనగ, నువ్వులు. ఇప్పుడు రాస్తున్నాను, ఇక దాచి ఏం లాభం. అందరూ సీసాలో ఏముందని అడిగితే కొబ్బరినూనె అన్నాను. నీ ఉత్తరం చూపించి ఒక్కొక్క ఆకూ ఇంగ్లీషులో చెప్పాను. మా పెద్దమ్మ అబద్ధం రాయదన్నాను. డైరెక్టర్ ముందు కూడా అదే మాట మీద నిలబడ్డాను. ఆసుపత్రిలో ఒక తమిళ డాక్టరు మూత తీసి ఒక్కసారి వాసన చూశాడట. నువ్వుల నూనె అన్నాడట.

నాకు ఆ వాసన తెలియదు పెద్దమ్మా. నా ఎనిమిదో ఏట నుంచీ అది నాకు నీ వాసన. దానికి వేరే పేరుంటుందని ఎప్పుడూ అనుకోలేదు.

ఎందుకు రాయలేదు? ఒక్కటీ విడవకుండా రాయమన్నాను కదా. అసలుదే విడిచిపెట్టావు. ఇక్కడ నన్నిప్పుడు పిల్లల దగ్గరికి రానివ్వరు. వాళ్ళు నన్ను చూసి చేతులూపుతారు, నేను పళ్ళేల బండి తోసుకుని వెళ్ళిపోతాను. పంపించేయలేదు, దయ తలిచారు. వాళ్ళ తప్పేమీ లేదు. నర్సుని అడగకుండా రాయడం నా తప్పే. కానీ నేను నిన్ను అడిగాను. నిన్ను అడిగితే చాలనుకున్నాను.

మనస్వి


2025 జూలై 27

మనసూ,

పార్సెల్ ఆగలేదు. నీ ఉత్తరం అందిన రోజే మీ నాన్నా నేనూ కొరియర్ ఆఫీసుకి వెళ్ళాం. "దేశం దాటేసిందండీ, ఇక మా చేతిలో లేదు" అన్నాడు. ఆఫీసులో చెప్పి, అది రాగానే ఎవరూ విప్పకుండా చెయ్యి. నీకు పుణ్యం ఉంటుంది.

వారం రోజులు రాయలేకపోయాను. సెంటర్‌లో పిల్లలకి అన్నం పెట్టేముందు ఒక్కొక్కళ్ళ తల్లినీ అడుగుతున్నాను, మీ వాడికి పడనిదేమైనా ఉందా అని. "ఇన్నాళ్ళూ లేంది ఇప్పుడేంటి టీచరుగారూ?" అంటున్నారు. ఒక తిండిగింజ మనిషి ప్రాణం తీస్తుందని నాకు తెలియదే. తెలియదంటే తప్పు పోతుందా? పోదు. ఆ పాప ఊపిరి ఈల వేసిందని రాశావు. నాకు రోజూ ఆ చప్పుడు వినిపిస్తోంది.

మొదట నీ మీదే కోపం వచ్చింది. పడనివేమిటో ఒక్క ముక్క రాసుంటే నేను చెప్పేదాన్ని కదా అని. తర్వాత నీకు సంతకం అడ్డమని గుర్తొచ్చింది. నాకు అడ్డమైనదేమిటో నీకు తెలియదు. చెబుతాను.

మీ అమ్మ జ్వరంతో పోయినప్పుడు నీకు ఎనిమిదేళ్ళు. అందరూ ఊరెళ్ళిందని చెప్పారు. పదో రోజున కాలువ రేవులో నీ చేతిలో కూడా నువ్వులు పోసి నీళ్ళు వదిలించారు. చిన్నపిల్లకెందుకు అన్నాను, ఎవరూ వినలేదు. నువ్వు ఆ నల్లనువ్వులు చూసుకుని, తలెత్తి నన్నడిగావు, "బెల్లం ఏది పెద్దమ్మా?" అని. మీ అమ్మ నాగుల చవితికి నువ్వులూ బెల్లం కలిపి దంచిపెట్టే చిమ్మిలి అనుకున్నావు. దంచిపెట్టడానికి అమ్మ వచ్చేసిందనుకున్నావు. ఎవరో ముసలావిడ అక్కడే నిజం చెప్పేసింది. ఆ గింజలు అరచేతికి అంటుకుని రాలేదు. చేతులు రాళ్ళకేసి రుద్దుకుని నెత్తురు తెచ్చుకున్నావు.

ఆ తర్వాత ఎక్కడ నువ్వులు చూసినా వాంతి చేసుకునేదానివి. ఆ మాట వింటే వణికిపోయేదానివి. అందుకని మన ఇంట్లో ఆ పేరే తీసేశాను. నాగుల చవితికి చిమ్మిలి సువర్ణ వాళ్ళింట్లో దంచించి, కొంగు కింద పెట్టుకుని పుట్టకి పట్టుకెళ్ళేదాన్ని. ఏటా మీ అమ్మ తద్దినం నాడు పొద్దున్నే నిన్ను పెదనాన్నతో ద్వారకా తిరుమల పంపేదాన్ని. దేవుడి మీద భక్తి అనుకున్నావు. అది కాదు.

కాని నీకు నిద్ర లేదు. నెలల తరబడి గోడవైపు తిరిగి పడుకునేదానివి. మా అమ్మ నాకూ మీ అమ్మకీ ఒకే గిన్నెలోంచి రాసిన తలనూనె ఒకటుంది. నువ్వుల నూనెలో కాచేది. అది తప్ప ఏదీ పనిచేయలేదు. కొబ్బరినూనె సీసా ఖాళీ చేసి అందులో పోసి, ఇదిగో కొబ్బరినూనె అని చూపించాను. రాస్తే పడుకున్నావు. పదమూడేళ్ళు ఆ అబద్ధంతోనే రాశాను. నువ్వు ఆకులు అడిగినప్పుడు కలం ఆ మాట దగ్గరే ఆగింది. దూరదేశంలో ఒంటరిగా ఉన్న పిల్లకి ఆ పేరు రాసి గుర్తుచెయ్యడమెందుకులే అనుకున్నాను. సీసా మీద ఉన్నదే నమ్మి ఉంటావని నాకు తెలుసు. తెలిసే వదిలేశాను.

ఇప్పుడు రాస్తున్నాను. నువ్వుల నూనె, రెండు లీటర్లు. ఆ తర్వాతే మిగతావన్నీ. దీన్ని ఇంగ్లీషులో రాసి ఆ పాప తల్లికి పంపు. నా పేరూ ఊరూ రాయి. కాచింది నేను, దాచింది నేను అని రాయి.

ఇంట్లో మిగిలిన నూనె పారబోయడానికి చేతులు రాలేదు. రోజూ సందెవేళ దీపంలో పోస్తున్నాను, ఆ పిల్ల పేరు చెప్పి. సగం సీసా అయింది.

వీరదుర్గ


2025 ఆగస్టు 8

పెద్దమ్మా,

పార్సెల్ ఆలస్యంగా మొన్న వచ్చింది. నర్సూ నేనూ చేతులకి తొడుగులు వేసుకుని, చెత్తకుండీల దగ్గర నిలబడి విప్పాం. సీసా పగల్లేదు. ఒక కవర్లో పెట్టి, దాని మీద కవరు వేసి సీలు వేసింది. పారేస్తానంది. మా పెద్దమ్మది, వెనక్కి తీసుకెళ్తానన్నాను. మూత దగ్గర కాస్త కారి రిబ్బన్లకి మాత్రం నూనె అంటింది. అవి పారేశాం.

నీ మాటలన్నీ ఇంగ్లీషులో రాశాను. కాచింది మా పెద్దమ్మ, నర్సుని అడగకుండా రాసింది నేను అని రాశాను. ఆఫీసువాళ్ళు చదివి ఒప్పుకుని పంపారు. టెస్సా వాళ్ళమ్మ దగ్గర్నుంచి మూడు వాక్యాలు వచ్చాయి. "టెస్సా బాగుంది. మీ ఉత్తరం చదివాను. దయచేసి ఇక రాయకండి." అంతే. రాయమన్నా ఏం రాస్తాను? బాగుంది, అది చాలు.

పోయిన ఉత్తరంలో నీతో గట్టిగా మాట్లాడాను. ఆ మాటలు వెనక్కి తీసుకోలేను. నువ్వు చెప్పకపోవడం మంచిదని కూడా అనలేను. కాని నాకూ గుర్తొచ్చింది పెద్దమ్మా. మర్చిపోయాననుకున్నావు. నేనూ అలాగే అనుకున్నాను. నీ ఉత్తరం వంటశాలలో చదువుతుంటే, కాలువ నీళ్ళ చల్లదనం అరచేతిలో తెలిసింది. అమ్మ వచ్చిందనుకున్న ఆ కాసేపూ ఎంత సంతోషపడ్డానో అది కూడా గుర్తొచ్చింది. వంటవాళ్ళు నా ముఖం చూసి ఉల్లిపాయలు తరగడం వల్ల అనుకున్నారు.

పదిహేడున బయల్దేరుతున్నాను. వచ్చాక నా తలకి నువ్వే రాయాలి. ఇంకెవరు రాసినా నాకు నిద్ర పట్టదు. రాసే ముందు అదేమిటో పేరు పెట్టి చెప్పు.

భాద్రపదంలో అమ్మ తద్దినం వస్తుంది కదా. ఈసారి నన్ను ద్వారకా తిరుమల పంపకు. నాన్న పక్కనే కూర్చుంటాను. ముందురోజు నువ్వులు నేనే చేటలో పోసుకుని రాళ్ళు ఏరతాను. ఏరి, కడిగి, ఆరబెట్టి ఇస్తాను. బెల్లం అడగను.

మనస్వి